ఇంజను ఎందుకు ఆగింది?



ఈ నెల మీకు ఒక పొరపాటు కథ చెబుతాను. పొరపాటు చేసినది పిల్లలు కారు, నేనే.

అరకు లోయలో కొండవార ఒక బడి ఉన్నది. ఆ బళ్ళో వైజ్ఞానిక ప్రదర్శన జరుగుతూ ఉంటే, బహుమతులు నిర్ణయించమని నన్ను పిలిచారు. ఉద్యోగం చాలించి ఏళ్ళయినా, బడిగంట మోగితే నా కాళ్ళు ఊరుకోవు. వెళ్ళాను.

ప్రదర్శనలో కంప్యూటరు పోటీ కూడా ఒకటి పెట్టారు. 1 నుంచి 1,00,000 వరకు ఉండే సంఖ్యలలో ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టే ప్రోగ్రాము రాయాలి. ప్రధాన సంఖ్య అంటే మీకు తెలుసు: 2, 3, 5, 7, 11 లాగా, ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగింపబడనిది. ఎవరి ప్రోగ్రాము త్వరగా పూర్తి అయితే వారిదే మొదటి బహుమతి.

చివరకు ఇద్దరు మిగిలారు. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె. ఇద్దరికీ ఒకే రకం కంప్యూటర్లు ఇచ్చారు. నేను చేతిగడియారం చూస్తూ కూర్చున్నాను.

కుర్రవాడి తెర నల్లగా, మౌనంగా ఉండిపోయింది. రెండు సెకన్లలోపలే దానిమీద 9,592 అని పడింది. సరి అయిన జవాబు!

అమ్మాయి తెర అలా కాదు. అందులో వరుసలు వానధారల్లాగా పరుగెత్తాయి. 3ను చూస్తున్నాను, 4ను చూస్తున్నాను, 5ను చూస్తున్నాను అంటూ లక్ష దాకా ఆ ప్రోగ్రాము ప్రతి సంఖ్యకూ ఒక వరుస రాసింది. చివరకు 9,592 పడేసరికి ముప్ఫై అయిదు సెకన్లు పట్టింది.

నేను కుర్రవాడికి బహుమతి ఇచ్చేశాను. ఆ అమ్మాయితో, "నీ లెక్క ఒప్పేనమ్మా, దారే నిదానం," అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది.

సాయంకాలం నేను వరండాలో కూర్చుని ఉంటే, నోటు పుస్తకం పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"మాస్టారూ, ఇద్దరమూ వర్గమూలం దాకానే చూశాం. అన్నయ్య అన్ని సంఖ్యలతోనూ భాగించాడు. నేను బేసి సంఖ్యలతోనే భాగించాను. నాకు పని సగమే గదండీ! మరి నాదెందుకు ఆలస్యమయింది?" అని అడిగింది.

పుస్తకం చూశాను. ఆ పిల్ల చెప్పినదంతా నిజమే. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మేష్టరు చెయ్యవలసినది ఒకటే: అడిగినవారితో కలిసి వెతకటం. ఇద్దరం మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాం. 'చూస్తున్నాను' అని రాయించే ఆ ఒక్క ఆజ్ఞనూ ఆ అమ్మాయి తీసేసి, మీట నొక్కింది.

నేను గడియారం వంక చూసేలోపలే 9,592 పడింది!

అంటే లెక్కకు ఒక సెకను కూడా పట్టలేదన్నమాట. మిగిలిన కాలమంతా చూపించటానికే పోయింది. లక్ష సంఖ్యలను రెప్పపాటులో పరీక్షించే యంత్రానికి, ఆ సంగతి తెరమీద రాయటానికి అంతసేపు ఎందుకు పట్టాలి? ఇదే ఈ నెల మన ప్రశ్న.

తీగ చివర ఉండేది

వరుసలు పరుగెత్తిన ఆ నల్లని కిటికీని 'టెర్మినల్' అంటారు. రైలు దారి చిట్టచివర ఉండే స్టేషనును టెర్మినస్ అంటాం గదా? ఇదీ అలాంటి మాటే. వెనకటి రోజుల్లో కంప్యూటరు ఒక పెద్ద గదిలో ఉండేది. దానినుంచి తీగలు బయలుదేరేవి. తీగ చివర, మనిషి కూర్చునేచోట ఉండే యంత్రమే టెర్మినల్.

మొదట్లో అది టైపురైటరువంటిది. 1963లో వచ్చిన 'టెలిటైప్ 33' అనే యంత్రం సెకనుకు పది అక్షరాలు కాగితం మీద కొట్టేది. తరవాత కాగితం పోయి గాజు తెర వచ్చింది. వాటిలో పేరుపడ్డది 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ చేసిన 'వీటీ 100'. దాని తెరమీద 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1,920 అక్షరాలు పట్టేవి.

ఇలాంటి తెరలను మీ అమ్మానాన్నలు చూసే ఉంటారు. రైల్వే రిజర్వేషను 1980 దశకంలో ఢిల్లీలో కంప్యూటరు మీదికి వచ్చింది. ఊరూరి లెక్కలనూ కలిపే 'కాన్సర్ట్' అనే పద్ధతి 1994లో మన సికింద్రాబాదులోనే మొదలయింది. టిక్కెట్ల గుమాస్తా ముందున్న తెరమీద అక్షరాలు తప్ప బొమ్మలు ఉండేవి కావు. ఆయన చూడకుండానే టకటకా మీటలు నొక్కుతూ ఉంటే, పేర్లు, బెర్తులు తెరమీద పడుతూ ఉండేవి.

పగటివేషగాడు

ఇప్పటి కంప్యూటరులో ఆ తీగా లేదు, ఆ యంత్రమూ లేదు. కాని పాత యంత్రంతో మాట్లాడటానికి అలవాటుపడిన ప్రోగ్రాములు వేలకొద్దీ మిగిలిపోయాయి. అందుచేత ఒక ప్రోగ్రాము ఆ పాత యంత్రం వేషం వేసుకుంటుంది. దానినే 'టెర్మినల్ ఎమ్యులేటర్' అంటారు. మన ఊళ్ళల్లో పగటివేషగాడు వచ్చేవాడు చూడండి, అచ్చం అలాగే.

వేషం వేసినవాడు వేషానికి తగినట్టు నడుచుకోవాలి. పాత యంత్రానికి కొన్ని రహస్య సంజ్ఞలు ఉండేవి. 27 అనే గుర్తు వచ్చిందంటే, దాని వెనుక వచ్చేది రాయవలసిన అక్షరం కాదు, ఆజ్ఞ. ఎర్రరంగు పెట్టు, పై వరుసకు వెళ్ళు, తెర తుడిచెయ్యి అనే ఆజ్ఞలు అలా వస్తాయి. అందుచేత ఎమ్యులేటరు తన దగ్గరకు వచ్చే ప్రతి గుర్తునూ, ఇది అక్షరమా ఆజ్ఞా అని పరీక్షించి గాని ముందుకు పంపకూడదు.

ఒక వరుస ప్రయాణం

ఆ అమ్మాయి ప్రోగ్రాము రాసిన ఒక్క వరుస వెంట మనం కూడా వెళ్ళి చూద్దాం.

ప్రోగ్రాము ఆ వరుసను తిన్నగా తెరకు ఇవ్వలేదు. ముందు కంప్యూటరు పెత్తనం చూసే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. అది ఒక చిన్న గిడ్డంగిలో పెడుతుంది. టెర్మినల్ అక్కడినుంచి తీసుకుని, ఇందాక చెప్పిన పరీక్ష చేస్తుంది.

తరవాత ఆ గుర్తులు ఏ అక్షరాలో తేల్చాలి. ఇంగ్లీషు అక్షరమైతే ఒకటికి ఒకటి. మన తెలుగు సంగతి వేరు. 'అరకు' అనే మాట కంటికి మూడక్షరాలు. యంత్రానికి అ, ర, క, ఉకొమ్ము కలిసి నాలుగు గుర్తులు. 'స్త్రీ' కంటికి ఒకే అక్షరం. యంత్రానికి ఆరు గుర్తులు! ఆ ఆరింటినీ కలిపి, ఏ వత్తు ఎక్కడ తగిలించాలో, గుడి ఎక్కడ పెట్టాలో చూసుకుని గాని ఒక రూపం కట్టలేదు.

రూపం తేలింది. ఇక గీయాలి. పాత వీటీ 100లో ప్రతి అక్షరానికీ చుక్కల నమూనా యంత్రంలోనే దాచి ఉండేది. ఇప్పుడో, అక్షరం వంపులన్నీ గణిత రేఖలుగా ఉంటాయి. కావలసిన సైజుకు లెక్కకట్టి, అంచులు నునుపుగా కనబడేట్టు చుక్కలు నింపాలి.

ఆ చుక్కలెన్ని? ఇప్పటి మామూలు తెర అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు. గుణించి చూడండి: 20,73,600! పాతది 1,920 అక్షరాలు గుర్తుపెట్టుకుంటే చాలు. కొత్తది ఇరవై లక్షల చుక్కలకు రంగు చెప్పాలి. పైగా కింద కొత్త వరుస ఒకటి చేరగానే పైవన్నీ ఒక మెట్టు జరుగుతాయి. అంటే కిటికీ మొత్తం మళ్ళీ గీసినట్టే.

గీసిన బొమ్మ కూడా వెంటనే తెర ఎక్కదు. తెరమీద ఇంకా ఎన్నో కిటికీలు ఉంటాయి గదా. అన్నిటినీ కలిపి ఒక బొమ్మ చేసే ప్రోగ్రాము మరొకటి ఉన్నది. ఆ బొమ్మ తన వంతు కోసం కాచుకోవాలి. మామూలు తెర సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది.

శిమిలిగుడ దాకా ఒంటి దారి

"అదంతా టెర్మినల్ పని గదా, లెక్కచేసే ప్రోగ్రాము ఎందుకు ఆగాలి?" అని మీరు అడగవచ్చు. ఆ అమ్మాయీ అదే అడిగింది. అప్పుడు లోయలో రైలు కూత వినబడింది. "నీ జవాబు అదుగో వస్తున్నది," అన్నాను.

విశాఖపట్నంలో పొద్దున్నే రైలెక్కి అరకు వచ్చినవారికి ఈ దారి తెలుసు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చటానికి 1960 దశకంలో వేసిన కొత్తవలస, కిరండూల్ దారి ఇది. 58 సొరంగాలు. శివలింగపురం దాటాక ఎక్కుడు మొదలు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస దాటి, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ చేరి, అక్కడినుంచి అరకు. దూరం అంత ఎక్కువ కాకపోయినా, సుమారు నాలుగు గంటలు పడుతుంది.

ఇంజనుకు బలం లేకనా? కాదు. కొండ ఎక్కుడు ఒక కారణం. రెండోది, ఇది ఒంటి పట్టాలుగా వేసిన దారి. రెండో పట్టాల పని చాలా ఏళ్ళ తరవాత మొదలయింది. ఒంటి దారిలో ముందు స్టేషను ఖాళీ లేకపోతే వెనక రైలు కదలటానికి వీల్లేదు. పైనుంచి ఇనుపరాయి బండి దిగుతూ ఉంటే, మన బండి స్టేషనులో నిలబడి దారి ఇవ్వాలి. ఎంత బలమైన ఇంజనుకైనా ఎర్రదీపం ఎర్రదీపమే!

ప్రోగ్రాముకూ, టెర్మినల్‌కూ మధ్య ఉన్న గిడ్డంగి చాలా చిన్నది. టెర్మినల్ నెమ్మదిగా తీస్తూ ఉంటే, అది ఇట్టే నిండిపోతుంది. నిండగానే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాముకు ఎర్రదీపం చూపిస్తుంది. ఖాళీ అయ్యేదాకా ప్రోగ్రాము నిలబడవలసిందే. ఆ ముప్ఫై అయిదు సెకన్లలో చాలాభాగం మన అమ్మాయి ఇంజను ఊరికే నిలబడి ఉన్నది. నేను దాన్ని చూసి, ఇంజనుకు బలం లేదని తీర్పు చెప్పాను!

పాతదే మేలా?

అలా అని పాత యంత్రాలే గొప్పవని అనుకోకండి. ఆ అమ్మాయి వరుస ఒక్కొక్కటి ఇరవై గుర్తులనుకుందాం. లక్ష వరుసలకు ఇరవై లక్షలు. టెలిటైప్ సెకనుకు పది చొప్పున కొడితే 2,00,000 సెకన్లు, అంటే రెండు రోజులు దాటుతుంది! వీటీ 100 ఎంత వేగంగా పనిచేసినా సెకనుకు సుమారు 1,920 అక్షరాలు, అంటే సెకనుకు ఒక తెరనిండా. దానికి దాదాపు 17 నిమిషాలు పట్టేది. మన టెర్మినల్ ముప్ఫై అయిదు సెకన్లలో ముగించింది. అంటే ముప్ఫై రెట్లు మెరుగు.

కాని ఇప్పటి యంత్రాల లోపలి గడియారం సెకనుకు 300 కోట్లసార్లు టిక్కుమంటుంది. లెక్క వేలరెట్లు పెరిగితే, చూపు ముప్ఫై రెట్లే పెరిగింది. వెలితి అక్కడ ఉన్నది.

మీట నొక్కితే అక్షరం కనబడటానికి పట్టే కాలంలో అయితే, పాతదే గెలిచిన సందర్భాలు కూడా ఉన్నవి. డాన్ లూ అనే ఆయన 2017లో అనేక కంప్యూటర్లను కొలిచి చూశాడు. 1983 నాటి 'ఆపిల్ టూ ఈ'కి సెకనులో వెయ్యో భాగాలు సుమారు 30 పట్టింది. దాని గడియారం సెకనుకు పది లక్షల టిక్కులే! దాని తరవాత ముప్ఫై ఏళ్ళకు వచ్చిన కొన్నిటికి నూరు, నూట యాభై కూడా పట్టింది. పాతదానిలో మీటకూ తెరకూ మధ్య మజిలీలు తక్కువ. కొత్తదానిలో మజిలీలు ఎక్కువ. ప్రతి మజిలీలోనూ కాస్త కాస్త ఆగాలి.

మందు ఏమిటి?

మూడు మందులు ఉన్నవి.

మొదటిది, మూటకట్టటం. ఇనుపరాయిని ఒక్కొక్క వాగనుగా పంపితే దారి ఎప్పటికీ ఖాళీ ఉండదు. అందుకే వాగన్లన్నీ కలిపి ఒక బండి చేస్తారు. అలాగే ప్రోగ్రాము వరుసలను ఒకటొకటిగా కాక, వందలకొద్దీ కలిపి అప్పగించవచ్చు.

రెండోది, కనబడనిదాన్ని గీయకపోవటం. ముప్ఫై అయిదు సెకన్లలో తెర మారేది 2,100 సార్లే. లక్ష బొమ్మలు గీసినా, 97,900 బొమ్మలు ఎవరి కంటా పడవు. తెలివిగల టెర్మినల్ వచ్చినవన్నీ చదివి గుర్తుపెట్టుకుని, తెర వంతు వచ్చినప్పుడే ఒకసారి గీస్తుంది.

మూడోది, గీసినదాన్ని దాచుకోవటం. పాత అచ్చాఫీసులో ప్రతి 'అ'నూ కొత్తగా చెక్కేవారా? సీసపు అక్షరాలు గళ్ళపెట్టెలో ఉండేవి; తీసి పేర్చుకునేవారు. టెర్మినల్ కూడా ఒకసారి గీసిన అక్షరాన్ని దాచుకుని, కావలసినప్పుడల్లా అచ్చు వేసుకోవచ్చు. 2021లో కేసీ మురటోరీ అనే అమెరికా ప్రోగ్రామరు ఈ పద్ధతిలోనే 'రెఫ్‌టర్మ్' అనే నమూనా టెర్మినల్ రాసి, అవే కంప్యూటర్లమీద ఎన్నోరెట్లు వేగం సాధించవచ్చునని చూపించాడు. యంత్రం మార్చలేదు, పనిచేసే తీరు మార్చాడు. తరవాత విండోస్ టెర్మినల్‌లోకి కూడా అక్షరాలను దాచుకుని గీసే కొత్త ఏర్పాటు వచ్చింది.

మీరూ చేసి చూడండి

బళ్ళోగాని, ఇంట్లోగాని కంప్యూటరు ఉంటే, 1 నుంచి 1,00,000 వరకు అంకెలను కూడే చిన్న ప్రోగ్రాము రాయండి. మొదటిసారి ప్రతి అంకెనూ తెరమీద రాయించండి. రెండోసారి చివరి మొత్తం మాత్రమే రాయించండి. మూడోసారి వరుసలన్నిటినీ తెరమీదికి కాక ఒక ఫైలులోకి పంపండి. మూడుసార్లూ పట్టిన కాలం రాసుకోండి. మొత్తం 500,00,50,000 రావాలి. రాకపోతే తప్పు తెరది కాదు, మీది! పెద్దలు పక్కన కూర్చుని గడియారం చూడవచ్చు. అయితే నాలాగా తొందరపడి తీర్పు చెప్పకూడదు.

మర్నాడు ప్రార్థన వేళ పిల్లలందరి ఎదుటా నా పొరపాటు ఒప్పుకున్నాను. నేను కొలవవలసినది లెక్క, కొలిచినది తెర అని చెప్పాను. కుర్రవాడు మంచివాడు. తనంత తానే ముందుకు వచ్చి, "మొదటి బహుమతి చెల్లెమ్మదేనండి," అన్నాడు. వాడి ప్రోగ్రామూ ఒప్పే గనక, ఇద్దరికీ ఇచ్చాం.

తరవాత ఆ అమ్మాయిని అడిగాను, "అసలు ఆ వరుసలన్నీ ఎందుకు రాయించావమ్మా?" అని.

"మా అమ్మ చూడటానికి వస్తానందండి. తెర ఊరికే నల్లగా ఉంటే, ఆగిపోయిందనుకుంటుంది గదండీ!" అన్నది.

అదీ నిజమే. పని జరుగుతున్నదని చూసేవారికి తెలియాలి. ఆ అమ్మాయి కాస్సేపు ఆలోచించి ప్రోగ్రాము మార్చింది. ఇప్పుడది వెయ్యి సంఖ్యలకు ఒకసారి మాత్రమే 'చూస్తున్నాను' అంటుంది. లక్షకు నూరు వరుసలే. ఆలస్యం ఏమీ తెలియలేదు. కొండదిగి వచ్చిన వాళ్ళ అమ్మ తెరమీద వరుసలు కదలటం నిలబడి చూసి, పక్కవారికి కూడా చూపించింది.

మీ కొలతలు నాకు రాసి పంపండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.